లాంగ్ ఆబ్సెంట్ అని రాసేముందు



విద్యార్థుల మానసిక ఆరోగ్యం అనగానే మనకు ఏప్రిల్, మే నెలల వార్తలే గుర్తొస్తాయి. ఇంటర్ ఫలితాలు, హాస్టల్ గదులు, నీట్ పరీక్షలు. అవి తేలిగ్గా తీసుకునే సంగతులు కావు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో దేశం మొత్తం మీద 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల గందరగోళం, ఆ తర్వాతి రోజుల్లో ఒక్కో ఇంట్లో వినిపించిన ఏడుపు ఇంకా ఎవరూ మరిచిపోలేదు.

అయితే ఈ పూట నేను ఆ వార్తల్లోకి ఎక్కని పిల్లల గురించి మాట్లాడతాను. హైదరాబాద్ బస్తీల్లో ఉంటూ సర్కారు బడికి వచ్చే పిల్లలు వాళ్లు. సోషల్ టీచరుగా రిటైరయ్యేదాకా నా ఉద్యోగమంతా వాళ్లతోనే గడిచింది. వాళ్ల దిగులు పేపర్లో పడదు. హాజరు పట్టీలో పడుతుంది. ముందు సోమవారం రాడు. తర్వాత సోమ, మంగళ రెండూ రాడు. ఆపైన వారం. నెల తిరిగేసరికి ఆ పేరు పక్కన ఎర్ర సిరాతో "లాంగ్ ఆబ్సెంట్" అని రాసేస్తాం. పాలమూరు తిరిగి వెళ్లిపోయారేమో అనుకుంటాం, పనిలో పెట్టారేమో అనుకుంటాం. చాలాసార్లు అదే నిజం. కానీ ఊరికీ పోక, పనికీ పోక, ఆ ఒక్క గది ఇంట్లోనే గోడవైపు తిరిగి పడుకుని ఉండే పిల్లలు కూడా ఆ ఎర్ర సిరాలోనే కలిసిపోతారు. వాళ్లను విడిగా లెక్కపెట్టే గడి ఏ రిజిస్టర్‌లోనూ లేదు.

బెంగళూరు నిమ్హాన్స్ వాళ్లు 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పదమూడు నుంచి పదిహేడేళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. పల్లెల్లో ఇది 6.9 శాతమైతే, మహానగరాల్లో 13.5. అంటే దాదాపు రెట్టింపు. ఆ సర్వే జరిగిన పన్నెండు రాష్ట్రాల్లో మన రెండు తెలుగు రాష్ట్రాలూ లేవు. అయినా నలభై మంది ఉండే తరగతిలో నిలబడి పాఠం చెప్పినవాళ్లకు ఆ అంకె పెద్ద ఆశ్చర్యం కలిగించదు. నలభైలో ఐదుగురు. వాళ్లు ఏ బెంచీల్లో కూర్చుంటారో కూడా టీచర్లు చెప్పగలరు.

పట్నంలో ఎందుకు ఎక్కువ అంటే నా దగ్గర పెద్ద సిద్ధాంతమేమీ లేదు. ఇల్లు చూస్తే చాలు. పదడుగుల గది, అందులో ఐదుగురు, ఓ మూల గ్యాసు పొయ్యి, మంచం కింద పుస్తకాల సంచి. రోజు విడిచి రోజు వచ్చే నల్లా తెల్లవారుజామునే వస్తే, బిందెలు పట్టడానికి లేచేది ఆడపిల్లే. తండ్రి అడ్డా మీద నిలబడే కూలీ, పని దొరికిన రోజు దొరుకుతుంది, లేనిరోజు లేదు. తల్లి నాలుగు ఫ్లాట్లలో బోళ్లు తోముతుంది. పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే తొమ్మిదో తరగతి కుర్రాళ్లు ఫంక్షన్ హాళ్లలో క్యాటరింగ్ పనికి పోయి, అర్ధరాత్రి దాటాక ఇంటికొచ్చి, పొద్దున్నే మొదటి పీరియడ్‌లో బెంచీ మీద తల వాలుస్తారు. ఇక చదువు సంగతి. ఏడో తరగతి దాకా తెలుగులో చదివిన పిల్లలకు 2022-23 నుంచి ఇంగ్లీషు మీడియం వచ్చింది. అది రావాల్సిందే, కాదనను. కానీ నిన్నటిదాకా క్లాసులో చెయ్యెత్తే పిల్లాడు ఒక్కసారిగా మూగవాడైతే లోపల ఏం జరుగుతుందో ఎవరూ అడగలేదు.

అన్నిటికన్నా పెద్ద కొరత ఏకాంతం. డబ్బున్న ఇంట్లో పిల్లకు కోపమొస్తే తలుపేసుకుంటుంది. బస్తీలో వేసుకోవడానికి రెండో తలుపు ఉండదు. ఏడవాలన్నా బాత్రూము ముందు లైనే.

నేను చెప్పదలుచుకున్నది ఒకటే మాట. ఈ పిల్లలకు మొదట కావాల్సింది పెద్ద డాక్టరు కాదు. బడిలోనే, మార్కులు వేసే పని లేని ఒక పెద్దమనిషి, ఆ మనిషికి చేతిలో కాస్త టైము, తలుపు వేసుకోవడానికి ఒక గది. ఈ మూడూ లేకుండా ఎన్ని చట్టాలు, ఎన్ని పోస్టర్లు వచ్చినా పిల్ల దాకా చేరవు.

డాక్టరు వద్దని కాదు. డాక్టరు దాకా పోవడమే మన దగ్గర ఎంత దూరమో చూడండి. ఎర్రగడ్డలో మానసిక చికిత్సాలయం ఉంది. మందులు ఉచితంగా ఇస్తారు, వైద్యం తెలిసినవాళ్లు ఉంటారు. కానీ ఈ ఊళ్లో "నిన్ను ఎర్రగడ్డకు పంపాలి" అనేది తిట్టు. కూతుర్ని అక్కడికి తీసుకుపోయిందని తెలిస్తే రేపు సంబంధాలు వస్తాయా అని తల్లి భయం. ఆ భయం దాటినా, ఓపీ ఉండేది పొద్దున పూట. తల్లికి నాలుగిళ్ల పని పోవాలి, పిల్లకు బడి పోవాలి, బస్సు ఖర్చు. ఒకసారి వెళతారు, మళ్లీ రమ్మన్న తారీఖుకు వెళ్లరు. 2018లో మొదలైన బస్తీ దవాఖానాలు జ్వరానికి, షుగరుకు, బీపీకి నిజంగా మేలు చేశాయి. అక్కడా పగటి టైమే, బయట జనం క్యూ. మనసులో మాట చెప్పుకునేంత తీరిక ఆ ఒక్క డాక్టరుకు ఎక్కడిది?

అందుకే పిల్లలు మనసు మాట మనసు మాటగా చెప్పరు. కడుపునొప్పిగా చెబుతారు.

మా బడిలో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి ఉండేది. వారంలో రెండు రోజులు కడుపునొప్పి. నులిపురుగుల మాత్ర వేశారు. స్కూలు హెల్త్ టీమ్ వచ్చినప్పుడు బరువు చూశారు, రక్తం తక్కువుందని ఐరన్ మాత్రలు ఇచ్చారు. వాళ్లమ్మ దిష్టి తీయించింది, దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించింది. నొప్పి మాత్రం పోలేదు. క్లాసులో పిల్లలకు అది నవ్వులాట అయింది. ఆ రోజుల్లో ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున మా బడికి వారానికోసారి ఒకామె వచ్చేది. డిగ్రీ చదివి, కొన్ని నెలలు శిక్షణ తీసుకున్న మామూలు అమ్మాయి. మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలు పెట్టే గదిలోనే కూర్చునేది, ఇంకో గది లేదు మరి. ఆమె ఈ పిల్లను "నీ బాధేంటమ్మా" అని అడగలేదు. "రాత్రి ఎన్నింటికి పడుకున్నావురా?" అంది.

"పన్నెండున్నరకు, అక్కా."

"అంతసేపు ఏం చేశావు?"

"బయట మెట్ల మీద కూసున్నం."

ఎవరెవరు అంటే అమ్మ, తమ్ముడు, తను. ఎందుకంటే నాన్న తాగొచ్చాడు. ఆయన నిద్రపోయేదాకా లోపలికి పోకూడదు, పోతే కొడతాడు. నాన్నకు కూలి డబ్బులు చేతికందే రోజులు, పిల్లకు కడుపునొప్పి వచ్చే రోజులు ఒకటే. ఇంత చిన్న లెక్క తేలడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. అంతకు ముందు ఏడాది పాటు ఆ పిల్లను చూసిన పెద్దవాళ్లం ఎంతమందిమో! అడగడం రాక కాదు. కూర్చోబెట్టి అడిగే చోటు, టైము మాకు లేవు.

ఆ తర్వాత ఏమైందని అడుగుతారు. తండ్రి తాగుడు మానలేదు. ఆ కౌన్సెలర్ పిల్లతో ఒక కాగితం మీద రాయించింది, నీ చేతిలో ఉన్నవేవి, లేనివేవి అని. నాన్న తాగడం లేనిదాంట్లోకి పోయింది. కూలి దొరికే శనివారం, సోమవారం పక్క గల్లీలో పిన్ని వాళ్లింట్లో పడుకోవడం చేతిలో ఉన్నదాంట్లోకి వచ్చింది. తల్లిని పిలిచి మాట్లాడితే ఆమె మొదట భయపడింది, "బయట తెలిస్తే ఇజ్జత్ పోతది మేడం" అని. తర్వాత తనే చెల్లెల్ని అడిగింది. పిల్ల పది పాసైంది. కడుపునొప్పి పూర్తిగా పోయిందని చెప్పను, తగ్గింది.

ఇది మా బడి అదృష్టమో, ఆ ఒక్కామె మంచితనమో అనుకోనక్కర్లేదు. ఇదే పద్ధతిని ఢిల్లీ సర్కారు బడుల్లో శాస్త్రీయంగా పరీక్షించారు. గోవాలో పుట్టిన సంగత్ అనే సంస్థ వాళ్లు, బీదవాడల పిల్లలు చదివే బడుల్లో 250 మందిని తీసుకున్నారు. సైకాలజీ పట్టాలు లేని, శిక్షణ పొందిన యువతీ యువకులే కౌన్సెలర్లు. మూడు వారాల్లో నాలుగైదు సార్లు కూర్చోవడం, అంతే. పిల్లల చేతికి బొమ్మల కథల పుస్తకాలిచ్చారు. సమస్య ఏమిటి, దారులేమున్నాయి, ఒకటి ఎంచుకుని చేసి చూడు, కుదరకపోతే మళ్లీ ఆలోచించు. కొందరికి పుస్తకాలు మాత్రమే ఇచ్చారు, కొందరికి పుస్తకాలతో పాటు మనిషినీ ఇచ్చారు. ఆరు వారాలకు చూస్తే, తమ సమస్య ఎంత బరువుగా ఉందని పిల్లలే వేసుకున్న అంకెల్లో, మనిషి దొరికిన పిల్లల బరువు ఎక్కువ తగ్గింది. జబ్బు లక్షణాల కొలతలో మాత్రం అప్పటికి రెండు గుంపులకీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఫలితాన్ని పెద్దది చేసి చెప్పకుండా 2020లో అలాగే ప్రచురించారు. నాకు ఆ నిజాయితీ నచ్చింది. కౌన్సెలింగ్ అంటే మంత్రమన్నట్టు మాట్లాడేవాళ్లను చూసి చూసి విసిగిపోయి ఉన్నాను.

బిహార్ నలందా జిల్లాలో 74 బడుల్లో జరిగిన పరిశోధన ఇంకా పనికొస్తుంది, మా టీచర్లకు కాస్త చురుక్కుమన్నా సరే. ఒకే కార్యక్రమాన్ని కొన్ని బడుల్లో బయటి నుంచి వచ్చిన శిక్షణ పొందిన కౌన్సెలర్‌తో, కొన్ని బడుల్లో అక్కడి టీచర్లతోనే చేయించారు. గోడపత్రిక, మాటల పెట్టె, అసెంబ్లీలో చర్చలు, విడిగా మాట్లాడుకోవడం. 2018లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. కౌన్సెలర్ ఉన్న బడుల్లో పిల్లల్లో దిగులు, ఒకరినొకరు ఏడిపించుకోవడం తగ్గాయి. టీచర్లు చేసిన బడుల్లో మార్పు లేదు.

ఎందుకు లేదో ఎవరూ నాకు చెప్పక్కర్లేదు. పొద్దున లెక్కల్లో తప్పు చేసినందుకు గుంజీలు తీయించిన సారుకే మధ్యాహ్నం వచ్చి గుండె విప్పమంటే ఏ పిల్ల విప్పుతుంది? పైగా ఆ సారుకు ఓటర్ల జాబితా, సర్వేలు, గుడ్ల లెక్క, ఆన్‌లైన్ ఎంట్రీలు. స్టాఫ్ రూములో ఒక పిల్ల సంగతి చెబితే సాయంత్రానికి అందరికీ తెలుస్తుంది, అదీ నిజమే. ఇప్పటికీ "టీచర్లకు రెండు రోజుల శిక్షణ ఇచ్చాం, ఇక మానసిక ఆరోగ్యం చూసుకుంటారు" అని సర్క్యులర్ వస్తే నాకు నవ్వొస్తుంది. టీచరు చేయగలిగింది ఒకటుంది, అది చిన్నదేమీ కాదు. మారిన పిల్లను ముందుగా గమనించి, కౌన్సెలర్ దగ్గరకు పంపడం.

మాటల పెట్టె అన్నాను కదా. మేమూ పెట్టాం, చాక్‌పీసుల డబ్బాకు గంటు పెట్టి. మొదటి వారం తీస్తే చీటీల్లో సగం పప్పు నీళ్లలా ఉందని, గుడ్డు చిన్నదిచ్చారని. ఇంకొన్ని ఎవరో ఎవరినో ప్రేమిస్తున్నారని. వాటి మధ్య ఒకటి, పేరు లేదు, "నాకు బడికి రావాలంటే భయమైతుంది, పై క్లాసు పిల్లలు బాత్రూం కాడ ఆపుతుండ్రు" అని. ఆ వారమే బాత్రూము దగ్గర ఇంటర్వెల్‌లో టీచర్ల డ్యూటీ వేశాం. పప్పు గురించిన చీటీలను కూడా పారేయకూడదు. పప్పు చిక్కబడితేనే కదా, చీటీ వేస్తే ఎవరో చదువుతారని పిల్లలకు నమ్మకం కలిగేది.

ఇప్పుడు చట్టం సంగతి. 2025 జులై 25న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌కు వచ్చి చనిపోయిన పదిహేడేళ్ల అమ్మాయి కేసు అది. తండ్రి పోరాడితే దర్యాప్తును సీబీఐకి అప్పగించడమే కాక, దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ కోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. వందమందీ అంతకు మించీ విద్యార్థులున్న ప్రతి సంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలి. అంతకన్నా చిన్న బడులు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. మార్కులను బట్టి సెక్షన్లు విడగొట్టడం, అందరి ముందు అవమానించడం కూడదు. సహాయ ఫోన్ నంబర్లు పెద్ద అక్షరాలతో కనిపించేలా రాయాలి. కోచింగ్ సెంటర్లను దృష్టిలో పెట్టుకుని మొదలైన కేసే అయినా, ఆ వందమంది లెక్కలోకి బస్తీ బడి కూడా వస్తుంది. మా బడిలో ఆరువందల మంది ఉండేవాళ్లు. ఈ తీర్పును కార్పొరేట్ కాలేజీల వ్యవహారంగా వదిలేస్తే నష్టపోయేది అడిగే తల్లిదండ్రులు లేని బడులే.

పిల్ల నోరు విప్పాక కొన్ని సంగతులు ఆ గదిలోనే ఆపేయడానికి వీల్లేదు. ఎవరైనా ఒంటి మీద చెయ్యి వేశారని చెబితే, అది చుట్టమైనా సరే, 2012 నాటి పోక్సో చట్టం కింద తెలియజేయడం తప్పనిసరి. ఆ మాట పిల్లకు ముందే చెప్పాలి. "నువ్వు చెప్పింది ఎవరికీ చెప్పను" అని ఒట్టు వేసి తర్వాత తప్పడం కంటే, "నీకు ప్రమాదముంటే మాత్రం నీ కోసం ఇంకొకరికి చెబుతాను" అనడం మంచిది. పిల్లల సహాయానికి 1098 ఉంది.

అలాగే డాక్టరుకు చూపించక తప్పని పిల్లలుంటారు. రెండు వారాలు దాటినా తిండి, నిద్ర, ఆట దేని మీదా మనసు లేనివాళ్లు. చెవిలో ఎవరో మాట్లాడుతున్నారనే వాళ్లు. చేతి మీద కోసుకున్న గాట్లు దాచడానికి ఎండాకాలంలో కూడా నిండు చేతుల చొక్కా వేసుకొచ్చేవాళ్లు. చచ్చిపోతానన్న పిల్ల. "బెదిరిస్తోంది" అని కొట్టిపారేయకండి. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుడుతుందేమో అని భయపడకండి, అడగడం వల్ల పుట్టదు. ఒకవేళ ప్రయత్నమే జరిగి ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే, పోలీసు కేసవుతుందని కడుపునొప్పి అని చెప్పి దాచేవాళ్లను చూశాను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అలాంటి మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలంది, శిక్షించకూడదంది. డాక్టరుకు ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

వైట్‌నర్ పీల్చే కుర్రాళ్ల గురించీ ఒక మాట. జేబులో గుడ్డ దొరికిందని టీసీ చేతిలో పెట్టి పంపేయడం మన బడుల్లో అలవాటు. ఆకలి తెలియకుండా ఉంటుందని పీల్చానన్నాడు ఒక పిల్లాడు. వాణ్ని బడి నుంచి పంపేస్తే రోజుకు ఆరు గంటలు పీల్చకుండా ఉండే చోటు కూడా పోయినట్టే.

ఇక ఫోన్. 2022 అక్టోబర్ 10న కేంద్రం టెలీ మానస్ మొదలుపెట్టింది. నంబరు 14416. డబ్బులు పడవు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ముందు శిక్షణ పొందిన కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమైతే డాక్టరుకు కలుపుతారు. నాకు చాలా మంచి ఏర్పాటు అనిపిస్తుంది. కానీ బస్తీ ఇంట్లో ఫోన్ ఒకటే, అది తండ్రి జేబులో ఉంటుంది. ఉన్నా, అందరూ వినేలా ఆ గదిలో ఏం మాట్లాడుతుంది పిల్ల? కాబట్టి ఆ నంబరు గోడ మీద రాసి ఊరుకుంటే చాలదు. హెడ్మాస్టర్ గదిలో ఫోన్ ఇచ్చి, తలుపు దగ్గరగా వేసి, పావుగంట బయట నిలబడే ఏర్పాటు ప్రతి బడిలో ఉండాలి. దీనికి పైసా ఖర్చు లేదు, జీవో కూడా అక్కర్లేదు.

తల్లులకు ఒక సంగతి చెప్పి ముగిస్తాను. తెలంగాణ బడుల్లో ఇప్పుడు అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఉన్నాయి, మహిళా సంఘాల వాళ్లే అందులో పెద్దలు. ఆంధ్రలోనూ తల్లిదండ్రుల కమిటీలు ఉన్నాయి. నల్లాలు, మరుగుదొడ్లు, ఫ్యాన్ల గురించి మీరు అడుగుతూనే ఉన్నారు, అడగాలి కూడా. ఈసారి మీటింగులో మినిట్స్ పుస్తకంలో ఇంకో రెండు లైన్లు రాయించండి. మా బడికి కౌన్సెలర్ ఎప్పుడు వస్తారు, వచ్చినప్పుడు ఏ గదిలో కూర్చుంటారు. హెడ్మాస్టరు గారు "బడ్జెట్ లేదమ్మా" అంటే, ఆ మాట కూడా రాయించి ఎంఈవో గారికి పంపండి. ఈలోగా ఏ పిల్ల పేరైనా పది రోజులుగా పిలిస్తే పలకడం లేదని మీ పిల్లలు చెబితే, మీరే ఓసారి ఆ గల్లీకి వెళ్లి చూసి రండి. అవసరమైతే మీ ఫోన్ ఇవ్వండి. నంబరు మళ్లీ చెబుతున్నాను, 14416.